గవ్వ మూత

కరీంనగర్
జూన్ 17, 2025

జమునక్కకు,

నీ ఒంట్లో బాగుందా? బావకు నడుము నొప్పి తగ్గిందా? ఇవన్నీ ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. నీ ఫోన్ మోగితే పక్కనే అత్తమ్మ ఉంటుంది. షుగర్ వల్ల చూపు పోయాక ఆమె చెవులు ఎంత పదునెక్కాయో నీకు తెలియనిది కాదు. ఆమె గురించి ఆమె వినేలా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే ఈ కాగితం.

మా గల్లీ చివరున్న పాత గోదామును కొందరు కలిసి బాగుచేసి ‘నలుగురి కార్ఖాన’ అని బోర్డు పెట్టారు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను వస్తువుగా చేసిచ్చే మిషన్లున్నాయి. ఏమీ తెలియనివాళ్లకు ఆదివారాలు ఉచితంగా నేర్పుతారు. పిల్లలను ట్యూషన్‌లో దింపి ఊరికే తొంగిచూశాను. తారక్ సార్ అని ఒకాయన ‘లోపలికి రండి మేడం’ అని స్టూలు వేశాడు. ఒక మిషన్ వెలుగుతో చెక్కను కోస్తుంది. ఇంకొకటి ప్లాస్టిక్ తీగను కరిగించి వరుస మీద వరుస చుట్టుకుంటూ పోతుంది, మనం సకినాలు చుట్టినట్టే. నా కళ్ల ముందే ఒక చిన్న గిన్నె తయారైంది.

నాకు వెంటనే అత్తమ్మ గుర్తొచ్చింది. ఉగాదికి వచ్చినప్పుడు చూశాను. కారం, పసుపు వాసనతో పట్టుకుంటుంది. ఉప్పు, సోడా, శక్కరి దగ్గర ఆగిపోయి నిన్ను పిలుస్తుంది. ఆ డబ్బాల మూతల మీద చేతికి తగిలే గుర్తులుంటే ఆమె వంట ఆమే చేసుకుంటుంది కదా! ఆమె చేతి పచ్చిపులుసు తిని మూడేండ్లయింది. ఆ మూడు డబ్బాల మూతి కొలతలు పంపు అక్కా. ఫోటోలో కొలత తెలియదట.

నీ చెల్లె
రచన


జైనూర్
జూన్ 25

చెల్లె రచనకు జమున రాయునది,

పోస్టుమాన్ వచ్చేసరికి నేను చేనులో పత్తి గింజలు పెడుతున్నాను. నీ జాబు మీద మట్టి మరకలు నావే. స్టూలు వేసి కూర్చోబెట్టే సార్లు దొరికారు నీకు, అదృష్టవంతురాలివి. నాకు క్యాలెండర్ చూస్తే తప్ప ఆదివారం వచ్చిందని తెలియదు.

అత్తమ్మకు మూతలెందుకు? నేను చచ్చానా? రోజుకు నలభై సార్లు పిలుస్తుంది. ‘జమునా, ఉప్పేదే? జమునా, పొయ్యి మండుతున్నదా? జమునా, ఎవలో వచ్చిండ్రు సూడు.’ మీ బావ నవ్వుతాడు. ‘మా అవ్వ దేవుని పేరు కన్న నీ పేరే ఎక్కువ తలుస్తది’ అంటాడు. విసుగొస్తుంది, లేదనను. విసుక్కునే హక్కు కూడా పక్కనున్నదానిదే.

అయినా చిన్న కోడలు అడిగితే పెద్దది ఇవ్వలేదన్న మాట నాకొద్దు. రెండు దారాలు పెట్టాను. ఎర్ర దారం ఉప్పు డబ్బాది. సోడా డబ్బా దాని జోడే కాబట్టి దానికీ అదే కొలత. తెల్ల దారం శక్కరి డబ్బాది. ముడి నుంచి ముడి దాకా మూతి చుట్టు. మీ మిషన్‌కు దారం అర్థమవుతుందో లేదో మరి.

జమున


కరీంనగర్
జూలై 9

అక్కా,

దారం చూసి తారక్ సార్ నవ్వలేదు. కానీ ‘దారం సాగుతుంది మేడం’ అన్నాడు. అయినా ఆగబుద్ధి కాక చేసేశాను. మొదటి మూత సగంలో వంకర పోయింది. రెండోది వేడి తగ్గక మిషన్‌కే అతుక్కుపోయింది. చివరికి మూడూ అయ్యాయి. ఉ, సో, శ అని పెద్ద పెద్ద అక్షరాలు పైకి లేచేట్టు పెట్టాను. చేత్తో తడిమితే ఎవరికైనా తెలుస్తుంది. బస్సు కార్గోలో వేశాను. అత్తమ్మ ఏమన్నదో మాట మాట రాయి.

రచన


జైనూర్
జూలై 18

ఓ సదువుకున్న చెల్లెకు,

అత్తమ్మ వేలిముద్ర మనిషి. పింఛను కాగితం మీద ఆమె వేలు పట్టి ఒత్తించేది నేను. ఆమెకు ‘ఉ’ అంటే ఏం తెలుస్తుంది? తడిమి తడిమి ‘ఇదేందే, మూత మీద పురుగు పాకినట్టున్నది’ అన్నది. పక్కింటి బుచ్చవ్వ ఇక్కడే ఉంది, ఇద్దరం నవ్వలేక చచ్చాం. పైగా మూత వదులు. ఉడుకుతున్న పప్పులో పడి చెంచాలా వంగింది.

దూరం నుంచి పేమ చూపించడం సులువు. ఆమె వేళ్లకు ఏవి తెలుసో ఆమె పక్కన పడుకునేదాన్ని అడగాలి. చూపున్నప్పుడు ఆమెకున్న పిచ్చి ఒక్కటే, బుచ్చవ్వ అరుగు మీద పచ్చీసు, గవ్వలాట. నలభై ఏండ్లు ఆడింది. గవ్వ, చింతగింజ నిద్రలో ముట్టినా చెప్తుంది. ఉప్పుకు గవ్వ పెట్టు. సోడాకు చింతగింజ పెట్టు. శక్కరికి జొన్నకంకి పెట్టు, అది ఏరుకుంటూ పెరిగిన చేతులు అవి. డబ్బాలు బోర్లించి కాగితం మీద పెన్సిలుతో మూతి చుట్టూ గీశాను, ఇందులోనే పెట్టాను. మడత మీద కొలవకు.

ఇవన్నీ చెప్పి నా నెత్తి మీదికి నేనే తెచ్చుకుంటున్నానేమో.

జమున


కరీంనగర్
ఆగస్టు 6

అక్కా,

నీ కాగితం కొలత అచ్చు గుద్దినట్టు సరిపోయింది. గవ్వ నోటి దగ్గర పళ్లు రావడానికి రెండు ఆదివారాలు పట్టాయి. చింతగింజ నున్నగా రాలేదని గరుకు కాగితంతో రుద్దాను, వేళ్లు మండుతున్నాయి.

మూడు మూతలూ బల్ల మీద పెట్టగానే తారక్ సార్ అందరినీ పిలిచాడు. ఒక్కొక్కరితో కళ్లు మూయించి ముట్టించాడు. గవ్వ ఆలోచన ఎట్లా వచ్చిందని అడిగారు. మా ఇంట్లో ఆడే ఆట అని చెప్పాను. చప్పట్లు కొట్టారక్కా! నవంబర్ మొదటి ఆదివారం కార్ఖానలో అందరూ చేసినవి చూపించే రోజు ఉంది. నాకూ ఒక బల్ల ఇస్తారట. పార్సిల్ రేపు మీ బస్సులో వస్తుంది.

రచన


జైనూర్
ఆగస్టు 16

రచనకు,

మూతలు అందాయి. బిగుతుగా కూర్చున్నాయి. సంతోషమేనా?

అత్తమ్మ గవ్వ మీద వేలు పెట్టి దాని పళ్లు తడిమింది. తర్వాత చింతగింజ ముట్టింది, తర్వాత కంకి. ‘ఇది ఉప్పు. ఇది సోడా. గిది శక్కరి’ అని బడిపిల్లలా గట్టిగా అప్పజెప్పింది. కళ్ల నిండా నీళ్లు. ‘నా చిన్న కోడలు నాకు కండ్లు చేసి పంపింది’ అన్నది. ఆ మాట బుచ్చవ్వకు చెప్పింది, పాలాయనకు చెప్పింది, మీ బావకు రెండుసార్లు చెప్పింది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.

‘మా ఇంట్లో ఆడే ఆట’ అన్నావట. ఆ ఇంటికి పేరు లేదా? గవ్వ చెప్పింది ఎవరు, కొలిచింది ఎవరు? జమున అని మూడక్షరాలు పలికితే నీ నాలుక అరిగేదా?

కోపమొస్తే నాకు బడి తెలుగు రాదు, మన తీరే రాస్త. ఆమెకు తానం పోసేది నేను. గోలీ ఇచ్చేది నేను. కాలికి పుండైతే పదిహేను రోజులు కట్టు కట్టింది నేను. నేను చేస్తే అది కోడలి పని. నువ్వు మూడు ప్లాస్టిక్ మూతలు పంపితే అది పేమ. కడుపు మండుతున్నది రచనా. మా యారాలు రచన మంచిది అని పదిమందిల చెప్పుకుంట తిరిగేదాన్ని, ఇప్పుడు నీ పేరు ఇంటే చెవులల్ల ఉడుకు నీళ్లు పోసినట్టున్నది.

ఇప్పుడామె నన్ను పిలుస్తలేదు. నిన్న పొద్దటి సంది పొద్దుమూకేదాక మూడంటే మూడుసార్లు పిలిచింది. అండ్ల ఒకపారి నా పేరు గూడ కాదు. ‘ఎవరున్నరు?’ అన్నది.

జమున


కరీంనగర్
ఆగస్టు 26

అక్కా,

నీ పేరు చెప్పకపోవడం నా తప్పే. మరిచిపోయి కాదు. పెండ్లయిన ఇన్నేండ్లలో పదిమంది నా చుట్టూ చేరి ‘ఎట్లా చేశారు’ అని అడగడం అదే మొదలు. ఆ ఒక్క నిమిషం ఎవరికీ పంచబుద్ధి కాలేదు. తిట్టు, పడతాను.

కానీ నా మంట కూడా విను. మీ మరిది సాగర్ మస్కట్ నుంచి పది నిమిషాలు మాట్లాడితే అందులో ఎనిమిది నిమిషాలు అవ్వ ఎట్లున్నది, వదిన ఎట్లున్నది. ‘మా వదిన లేకపోతే అవ్వ ఏమైపోతుండెనో’ అని ప్రతిసారీ అంటాడు. ఈ రెండు గదుల్లో నన్ను పేరు పెట్టి పిలిచే పెద్ద మనిషి లేదు. రోజుకు నలభై సార్లు పిలుస్తుందని నువ్వు విసుక్కుంటూ రాశావు చూడు, అది చదివి నాకు ఎక్కడో కాలింది. మూతలు చేయడంలో అది కూడా ఉంది. నీ దగ్గర దాచడమెందుకు?

ఈసారి పెత్తరమాసకు మామ పేరు మీద తనే వండి పెడతానని అత్తమ్మ ఫోన్‌లో చెప్పింది. గొంతు చూస్తే పదేండ్లు తగ్గినట్టుంది. పిల్లల పరీక్షలు, నేను రాలేను. ఆ రోజు ఆమె వంట ఆమె చేతులమీదుగా కావాలి, అంతే నాకు కావాల్సింది. నవంబర్‌లో కార్ఖానకు ఆమెను తీసుకురమ్మని సార్ అడుగుతున్నాడు. తీసుకొస్తావా?

రచన


జైనూర్
సెప్టెంబర్ 23

చి.సౌ. రచనకు,

పెత్తరమాస ఎట్లా జరిగిందని సాగర్ అడిగితే మీ బావ ‘మంచిగనే అయింది’ అని చెప్పారు. కానీ అలా జరగలేదు. నీకు తెలియజేయడం నా ధర్మం.

అత్తమ్మ తెల్లవారుతూనే తలస్నానం చేసింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ‘నువ్వు కూసో బిడ్డా, మూడేండ్ల సంది చేస్తున్నవ్. గియ్యాల నాది’ అన్నది. మెట్‌పల్లి నుంచి ఆడిబిడ్డ బాలవ్వ, ఆమె భర్త వచ్చారు. పప్పు, వంకాయ కూర, గారెలు అయ్యాయి. పెద్దలకు పెట్టేవి ముందుగా రుచి చూస్తే ఎంగిలవుతాయి కాబట్టి ఎవరూ చూడలేదు. ఆఖరుకు పచ్చిపులుసు. చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిగడ్డ వేసి, గవ్వ మూత తీసి, ఉప్పనుకొని చెంచాతో ఇంత తీసి వేసింది.

అది బుస్సున పొంగింది. నురుగు గిన్నె దాటి నేల మీద పడింది. ఆమెకు చప్పుడు వినబడుతోంది, ఏమైందో తెలియడం లేదు. ‘ఏందే అది? ఏందది?’ అని చేతులు చాచింది. బాలవ్వ భర్త నవ్వాడు. బాలవ్వ ‘సోడా ఏసినవవ్వా! సూపు లేకుంట నీకెందుకే గీ వంట?’ అన్నది. అప్పటికే అన్నింట్లో అదే పడింది. పప్పు నోట్లో పెడితే సబ్బు తిన్నట్టే.

‘సచ్చినోనికి సబ్బునీళ్లు పెట్టిన’ అన్నది అత్తమ్మ. గరిటె నా చేతిలో పెట్టేసింది. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు వాకిట్లోకి కూడా రాలేదు. ఇప్పటి వరకు వంటింటి గడప తొక్కలేదు. వంట మళ్లీ నేనే చేస్తున్నాను.

గవ్వ, చింతగింజ రెండూ వేలికి ఒకే రకంగా తగులుతున్నాయేమో మీ సార్‌ను అడుగు.

జమున


కరీంనగర్
సెప్టెంబర్ 30

అక్కా,

అత్తమ్మను ఆ గిన్నె ముందు చేతులు చాపుకొని నిలబెట్టింది నేనే. అక్షరాలు పెట్టినప్పుడే నాకు తెలియాల్సింది, నాకు చేతకాదని.

మొన్న ఆదివారం కార్ఖానలో లేచి నిలబడి చెప్పాను. నా మూతల వల్ల మా ఇంట్లో పెద్ద మనిషి నలుగురిలో నవ్వులపాలైంది, వీటిని చూసి ఎవరూ చేయకండి అన్నాను. నా బల్ల వద్దన్నాను. తారక్ సార్ మాత్రం ‘తప్పు ఎక్కడుందో చూద్దాం, ఆ మూతలు తెప్పించండి’ అంటున్నాడు. పంపు. మళ్లీ చేయడానికి కాదు. ఎక్కడ తప్పానో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు.

అత్తమ్మ నాతో ఫోన్‌లో ‘నీ తప్పు కాదు బిడ్డా, నా బతుకే గంత’ అన్నది. ఆ మాటకంటే తిట్టినా బాగుండేది.

రచన


జైనూర్
అక్టోబర్ 8

చెల్లె,

మూతలు పంపుతలేను. అవి మంచిగనే ఉన్నయ్. నీ తప్పు లేదు, మిషన్ తప్పు లేదు. మార్చింది నేను.

అమాస ముందటి రోజు మధ్యాహ్నం. అత్తమ్మ కునుకు తీస్తున్నది. డబ్బాలు తుడిచి, గవ్వ మూత సోడా డబ్బా మీద పెట్టిన, చింతగింజది ఉప్పు డబ్బా మీద పెట్టిన. పొరపాటున పెట్టిన అని రాద్దామని రెండు కాగితాలు పాడు చేసిన. పొరపాటు కాదు రచనా. తెలిసి తెలిసి పెట్టిన.

నేనేం అనుకున్ననో ఇను. ఒక్క పప్పుల సోడా పడుతది, ఆమె జరంత నోట్లె వేసుకొని ‘జమునా, ఇదేందే, జర రాయే’ అని పిలుస్తది, నేను ఉరుకుత, గంతే అనుకున్న. పెద్దలకు పెట్టేది ఎవరు రుచి చూస్తరు? ఇరవై ఏండ్ల సంది గీ ఇంట్ల పెత్తరమాస చూస్తున్న, గా సంగతి నాకు యాదికి రాలే. ఆమె నన్ను పిలవాలె అన్నదొక్కటే నా నెత్తిల ఉన్నది. నురుగు పొంగినప్పుడు అందరు ఆమె మొఖం చూసిన్రు. నేను మూతను చూసిన. అయినా నోరు తెరువలే. పైనుంచి నీ మీదికి తోసి రాసిన.

ఇప్పుడు దినమంత పిలుస్తది. ‘జమునా, మంచినీళ్లు. జమునా, అన్నం కలిపియ్యి.’ గొంతుల ముందటి జోరు లేదు. నాకు ఏ పిలుపు కావాల్నో అదే దొరికింది. చెవుల పడ్డప్పుడల్లా ముద్ద దిగుతలేదు.

జమున


కరీంనగర్
అక్టోబర్ 14

అక్కా,

ఇంకే పిలుపూ రాక అక్కా అనే రాస్తున్నాను. పెత్తరమాస ఉత్తరం నువ్వు బడి తెలుగులో రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నా బల్ల వేరేవాళ్లకు ఇచ్చేశారు. అది పోనీ. అత్తమ్మ తన చేతులను తనే నమ్మడం మానేసింది, అది పోనిచ్చేది కాదు. నేను ఆమెకు చెప్పను. సాగర్‌కూ చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

రచన


జైనూర్
నవంబర్ 4

చెల్లె,

చెప్పిన. చెప్పి పన్నెండు రోజులైంది.

అత్తమ్మ అరుగు మీద కూసోని పత్తిల ఆకు ఏరుతున్నది. మీ బావ చేన్ల ఉన్నడు. పక్కన కూసున్న. ‘అత్తమ్మా, మూతలు మార్చింది నేనే’ అన్న.

ఆమె చేతులు ఆగినయ్. ‘ఎన్నడు?’ అన్నది.

‘అమాస ముందటి రోజు.’

‘మీ మామకు వండుతున్ననని ఎరికుండే మార్చినవా?’

‘ఎరికే.’

‘ఎందుకే?’

‘నువ్వు నన్ను పిలుస్తలేవని.’

తిడుతదని ఎదురుచూసిన. కొట్టినా పడుదును. మళ్ల ఆకు ఏరుకుంట, ‘లే, పోయి పని సూస్కో’ అన్నది.

తెల్లారి వంటింట్లకు పోయింది. మూతలు సరిగ్గ ఉన్నయని చేయి పట్టి ముట్టియ్యబోతే చేయి గుంజుకున్నది. తనే వండింది. ఉప్పు తీసి ముందుగాల నాలిక మీద వేసుకున్నది, అప్పుడు గంజుల వేసింది. అప్పటి సంది దినాము గట్లనే. మంచిదేలే, దెబ్బ తిన్న మనిషి, జాగ్రత్త పడుతున్నది అనుకున్న. ఒకనాడు పచ్చిపులుసు గూడ చేసింది. మీ బావ రెండుసార్లు పోసుకున్నడు. నేను గూడ తిన్న, చాన రోజులకు ఆమె చేతి రుచి.

మొన్న బుచ్చవ్వ కలిస్తే మాటల మాటల ‘మా అత్తమ్మ ఇప్పుడు ప్రతిదీ నాలిక మీద వేసుకొని చూస్తున్నది, పాపం’ అన్న. బుచ్చవ్వ నన్ను వింతగ చూసింది. ‘ఎక్కడిదే? నువ్వు చేనుకు పోయినంక నేను పోయి కూసుంట గద. గవ్వ మీద యేలు పెడ్తది, తీస్తది, యేస్తది. నాలిక మీద పెట్టుకోంగ నేనొక్కనాడు సూడలే’ అన్నది.

నేను ఇంట్ల ఉన్నప్పుడే, రచనా.

నీ బల్ల పోయింది నా వల్లనే. మీ కార్ఖానకొచ్చి నేనే లేచి నిలబడి చెప్తనని సార్‌కు చెప్పు, ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్త. గవ్వ నాది అని గూడ చెప్పుకోను.

వచ్చే ఆదివారం పిల్లలను తీసుకొని వస్తున్నవని సాగర్ చెప్పిండు. రా. నాతోని మాట్లాడకున్నా రా. ఆమె వంట చేసేటప్పుడు నువ్వు పక్కన నిలబడతవ్, నేను బయట ఉంట. ఉప్పు తీసినప్పుడు నాలిక మీద వేసుకుంటదో, వేసుకోదో నువ్వు చూస్తవ్. చూసి నాకు చెప్పకు.

జమున